గీత దాకా

ఢిల్లీలో యమునకు తూర్పు ఒడ్డున ఉన్న లక్ష్మీ నగర్‌లో కాపురం పెట్టినప్పటినుంచీ, దీపావళి వెళ్లగానే నేను తప్పనిసరిగా చేసే పని ఒకటి ఉంది. నా వ్రాత గదిలోని గాలిశుద్ధి యంత్రాన్ని విప్పి, పాత వడపోతను తీసివేసి, కొత్తదాన్ని అమర్చుతాను. కొన్ననాడు మల్లెపువ్వులా ఉన్న ఆ కాగితపు మడతలు ఏడాది తిరిగేసరికి కట్టెల పొయ్యి వెనుక గోడలా నల్లబడి ఉంటాయి.

2022 నవంబరులో నేను ఆ పనిలో ఉండగా మిచిగన్ నుంచి తమ్ముడు ఫోను చేశాడు.

"అక్కా, నాన్నగారి సహస్ర చంద్ర దర్శనానికి ఫిబ్రవరిలో ముహూర్తం కుదిరింది. ఆ రోజు ఆయన్ని ఆయన కారులోనే గుడికి తీసుకువెళ్దాం. నేను పది రోజుల ముందుగా వస్తాను. ఈలోగా బండికి కావలసిన సామానులు చూసే పూచీ నీది" అన్నాడు.

నేను ఇంగ్లీషు సాహిత్యం చదువుకున్నదాన్ని. అనువాదం నా వృత్తి. మోటారు యంత్రాలలో నాకు క్షుణ్ణంగా తెలిసిన భాగం ఒకే ఒక్కటి. చేతిలోని మసిపట్టిన వడపోతను చూస్తూ నేను దానినే తలచుకున్నాను. ఆ ఒక్క భాగమూ ఇప్పుడు ఆ కారులో లేదు. లేకపోవడానికి కారకురాలిని నేనే.

* * *

నాన్నగారు గుడివాడలో డాక్టరు. 1972లో ఆయన అంబాసిడర్ మార్క్-2 కారు కొన్నారు. ఆ రోజుల్లో కారు కావాలంటే ముందుగా డబ్బు కట్టి సంవత్సరాల తరబడి వేచి ఉండవలసి వచ్చేది. ఇంగ్లండులోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ శ్రేణి కారును ఆధారం చేసుకొని, కలకత్తా సమీపాన ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటార్స్ వారు తయారుచేసిన బండి అది. నాన్నగారికి అది విలాసం కాదు. ముదినేపల్లి, మండవల్లి, కైకలూరు చుట్టుపక్కల గ్రామాలనుంచి ఏ అర్ధరాత్రి కబురు వచ్చినా ఆయన మందుల పెట్టెతో బయలుదేరవలసిందే.

వానకాలంలో ఆ దారులు బురద. తక్కిన కాలమంతా దుమ్ము. నూర్పిళ్ల రోజుల్లో దుమ్ముకు తోడు ఊక, నుసి గాలిలో తేలుతుండేవి. కారు నడవడానికి పెట్రోలు కావాలని అందరికీ తెలుసు. అంతకంటె ఎన్నో రెట్లు గాలి కావాలని మాత్రం చాలామంది గమనించరు. పెట్రోలు పూర్తిగా మండాలంటే బరువులో ఒక పాలు పెట్రోలుకు 14.7 పాళ్ల గాలి అవసరం. అంటే లీటరు పెట్రోలుకు సుమారు 9,000 లీటర్ల గాలి! ఆ గాలి కార్బురేటర్‌లోని ఇరుకైన గొంతుగుండా వేగంగా పోతున్నప్పుడు అక్కడ ఒత్తిడి తగ్గుతుంది. ఆ తగ్గుదలకు పెట్రోలు సన్నని రంధ్రంలోనుంచి పైకి లాగబడి, తుంపరగా మారి గాలిలో కలుస్తుంది. గాలితోపాటు దుమ్ముకూడా లోపలికి పోయిందా, సిలిండర్లు గరుకు కాగితంతో రుద్దినట్టు అరిగిపోతాయి.

దీనికి విరుగుడుగా మా కారులో కార్బురేటర్‌కు ముందు నల్లని గుండ్రటి డబ్బా ఒకటి ఉండేది. దాని అడుగున ఒక గిన్నె, గిన్నెలో కొద్దిగా ఇంజను ఆయిలు. బయటి గాలి ఆయిలు వైపు దిగివచ్చి, దాని ఉపరితలం దగ్గర చటుక్కున పైకి మళ్లుతుంది. గాలి తేలిక కనుక తిరుగుతుంది. దుమ్ము బరువు కనుక తిరగలేక ఆయిలులో పడుతుంది. మిగిలిన నలుసులు పైనున్న ఇనుప పీచుకు అంటుకుంటాయి. ఆలోచిస్తే ఎంత సులువైన ఉపాయం!

ప్రతి ఆదివారం ఉదయం నాన్నగారు ఆ గిన్నెను విప్పేవారు. అడుగున పేరుకున్న మడ్డిని తీసి, కిరసనాయిలుతో కడిగి, ఎండలో ఆరబెట్టేవారు. కొత్త ఆయిలు పోసే పని నాది. గిన్నె లోపలి గోడమీద ఎంతవరకు పోయాలో తెలిపే సన్నని నొక్కు ఒకటి ఉంటుంది. నాకు ఏడేళ్లప్పుడు, 1988 వేసవిలో, ఆ నొక్కు సరిగా కనిపించక, ఎక్కువ పోస్తే ఎక్కువ మేలనుకొని, రెండు వేళ్లు పైదాకా పోసి మూత బిగించాను.

ఆ మధ్యాహ్నం నాన్నగారు ఒక పురుడు కోసం వెళ్తూ నన్నుకూడా తీసుకువెళ్లారు. మండవల్లి దాటగానే బండి వెనుక నీలి పొగ లేచింది. ఇంజను దగ్గుతూ ఆగిపోయింది. గాలితోపాటు ఆయిలునుకూడా ఇంజను పీల్చుకున్నది. నాన్నగారు మాట్లాడకుండా దిగి, అదనపు ఆయిలును డబ్బాలోకి వంచి, ప్లగ్గులు విప్పి తుడిచి, మళ్లీ బయలుదేరేసరికి అరగంట పట్టింది. ఆ అరగంటా నేను చెట్టుకింద నిలబడి ఏడుస్తూనే ఉన్నాను. అదృష్టవశాత్తు తల్లీబిడ్డా క్షేమంగా ఉన్నారు. తిరుగు ప్రయాణంలో ఆయన అన్నది ఒకే మాట: "మందయినా, ఆయిలయినా మోతాదే ముఖ్యమమ్మాయ్."

మరుసటి ఆదివారం ఆయన తలుపులకు వేసే తెల్లరంగు తెచ్చి, గిన్నె లోపల ఆ నొక్కు వెంట దట్టంగా ఒక గీత గీశారు. "ఇక నీకు స్పష్టంగా కనిపిస్తుంది. గీత దాకా పొయ్యి. అంతే" అన్నారు. ఆ పని మళ్లీ నాకే అప్పగించారు. తప్పు చేసిన పిల్లనుంచి పని లాగివేసుకోకుండా, తప్పు జరగని ఏర్పాటు చేసిపెట్టడం ఎంత పెద్ద మనసో నేను తల్లినైన తరువాతగాని తెలియలేదు.

* * *

1998లో బండిని మరమ్మతుకు ఇచ్చినప్పుడు ఒక మేస్త్రీ ఆ డబ్బాను తీసివేసి, మరేదో బండికి చెందిన కాగితపు వడపోతను బిగించాడు. "ఇది కడగనక్కరలేదు డాక్టరుగారూ, పాడైతే పారేసి కొత్తది వేసుకోవడమే" అన్నాడు. నాన్నగారు బండి నడిపి చూసి, "దీని గొంతు మారిపోయిందే" అన్నారు. నిజమే. ఆయిలు గిన్నె దుమ్మునే కాక, గాలి పీల్చే చప్పుడునుకూడా మింగేది. వెనుకటి బండి గుంభనంగా హుమ్మనేది. ఇప్పుడది బుసకొట్టినట్టు వినిపించసాగింది.

పాత డబ్బా షెడ్డులో ఒక మూల పడి ఉండేది. 1999 సంక్రాంతికి ఇల్లు శుభ్రం చేస్తూ, పగిలిన బకెట్లతోనూ, తుప్పుపట్టిన కుర్చీతోనూ కలిపి దాన్ని పాత ఇనుము వాడికి తూకానికి వేశాను. సాయంత్రం నాన్నగారు షెడ్డులోకి వెళ్లి, కాసేపు వెదకి, బయటికి వచ్చారు. నేను విషయం చెప్పాను. "పోనీలే అమ్మాయ్" అన్నారు. ఆ తరువాత దాని ప్రసక్తి ఎన్నడూ తేలేదు. నేనుమాత్రం ఆ మాటను మరచిపోలేదు.

నాన్నగారికి ఇప్పుడు చూపు లేదు. నీటికాసుల వ్యాధి రెండు కళ్లనూ క్రమంగా హరించింది. సహస్ర చంద్ర దర్శనం నాడు ఆయన తన కారును చూడలేరు. వినగలరు. అందుకే ఆ డబ్బా కావాలని నిశ్చయించుకున్నాను.

తమ్ముడితో ఈ మాట చెప్పగానే వాడు నవ్వాడు. "అక్కా, సామర్థ్యం మాటకొస్తే కాగితపు వడపోతే మెరుగు. బండి నెమ్మదిగా పోతుంటే ఆయిలు గిన్నెలో గాలి వేగం చాలదు, సన్నదుమ్ము తప్పించుకుంటుంది. గుడికి వెళ్లి రావడానికి ఆ ముసలి డబ్బా ఎందుకు? అంతగా ముచ్చటపడితే మెరిసే మూత ఒకటి కొను. ఫోటోలో బాగుంటుంది."

వాడు చెప్పిన శాస్త్రంలో తప్పు లేదు. కాని చెప్పినవాడెవరు? మిచిగన్‌లో ఒక మిత్రుడితో కలిసి 1969 నాటి షెవర్లే కెమారో కారును నాలుగేళ్లపాటు బాగుచేసినవాడు! మధ్యరకం శరీరంలో పెద్ద ఎనిమిది సిలిండర్ల ఇంజను ఇమిడ్చిన అలాంటి బండ్లను అక్కడ మజిల్ కార్లంటారు. ఆ తరహాకు పేరు తెచ్చిన 1964 నాటి పాంటియాక్ జి.టి.ఓ. బానెట్ మీది గాలి రంధ్రాలు ఉత్త అలంకారమేనట, వాటిగుండా గాలి పోదట. కెమారోలో అలా కాదు. అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువగా ఉంటుందని కనిపెట్టి, బానెట్ ఉబ్బుకు నోటిని ముందువైపు కాక వెనుకవైపు పెట్టారు. గాలి అక్కడనుంచి ఇంజనులోకి పోవడానికి వడపోత డబ్బా చుట్టూ ఒక రబ్బరు వలయం బానెట్‌కు బిగుతుగా ఆనుకోవాలి. సరిగ్గా ఆ ఏటి డబ్బాకోసం తమ్ముడు పదకొండు నెలలు వెదికాడు. భాగాలమీది సంఖ్యలు, అచ్చుపోసిన తేదీలు భూతద్దంతో చదివాడు. కారు తయారైన తేదీకంటె ఒక్క వారం తరువాత పోతపోసిన భాగమైనా సరే, అది ఆ కారుతో పుట్టినది కాదని తిరగ్గొట్టాడు. డెట్రాయిట్ దగ్గర ప్రతి ఆగస్టులో జరిగే వుడ్‌వర్డ్ డ్రీమ్ క్రూజ్‌లో ఆ బండిని నడిపిన రోజు వాడు నాకు పంపిన ఫోటోలు ఇరవైకి పైనే.

"ఒరేయ్, ఎవరో తెలియని అమెరికా వాడి కారుకు పదకొండు నెలలు వెదికావు. మన నాన్నగారి కారుకు మెరిసే మూత చాలా?" అన్నాను.

అవతల చాలాసేపు మౌనం. "సంవత్సరం, కార్బురేటర్ పేరు, మెడ కొలత వ్రాసుకో అక్కా. మేస్త్రీ చేత కొలిపించి పంపుతాను" అన్నాడు చివరికి.

* * *

ఢిల్లీలో అంబాసిడర్ భాగాలకు కరవుండదని నా నమ్మకం. ఒకప్పుడు ఈ నగరంలో మంత్రులు, కార్యదర్శులు తిరిగినవన్నీ అవే బండ్లు. వాటి తయారీ 2014 మేలో ఆగిపోయింది. పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బండ్లు ఢిల్లీ రోడ్లమీద తిరగరాదని జాతీయ హరిత ట్రిబ్యునల్ అదే సంవత్సరం ఆదేశించింది. 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఎన్నో పాత బండ్లు మాయాపురి తుక్కు బజారుకు చేరాయి. యాభై ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజను మార్పుచెందకుండా ఉన్న బండ్లను వింటేజ్ వాహనాలుగా నమోదుచేసే కేంద్ర నిబంధన 2021లో వచ్చిందిగాని, ఆ వయస్సుదాకా బ్రతికే బండ్లెన్ని?

మాయాపురిలో తలుపులు ఒక గుట్ట, బంపర్లు ఒక గుట్ట, ఇంజన్లు ఒక గుట్ట. రెండవ శనివారం నాకు కావలసిన డబ్బా కనిపించనే కనిపించింది. అదే నలుపు, అదే గుండ్రని ఆకారం. ఆనందంతో బేరమైనా సరిగా ఆడకుండా కొని, ఇంటికి తెచ్చి, డైనింగ్ టేబుల్ మీద పెట్టుకున్నాను.

దాన్ని శుభ్రం చేయించడానికి కశ్మీరీ గేట్‌లోని మోటారు విడిభాగాల బజారుకు తీసుకువెళ్లాను. అక్కడ ఒక ఇరుకు సందులో కార్బురేటర్లు మాత్రమే బాగుచేసే వృద్ధుడొకాయన ఉన్నాడు. అందరూ ఆయన్ని ఉస్తాద్ అంటారు. ఆయన డబ్బాను చేతిలోకి తీసుకోగానే, మెడచుట్టూ ఒక దారం చుట్టి, దారాన్ని స్కేలుమీద పరచి, తల అడ్డంగా ఊపాడు.

"ఏ సంవత్సరం బండి బేటీ?"

"1972. సోలెక్స్ కార్బురేటర్."

"ఇది తరువాతి బండిది. మీ దాని మెడకు వదులవుతుంది. గుడ్డ చుట్టి బిగిస్తే నిలుస్తుంది. కాని సందులోనుంచి దుమ్ము పోతుంది. చూసేవాళ్లకు ఏ తేడా కనిపించదు. ఇంజనుకు తెలుస్తుంది."

నాకు సిగ్గువేసింది. ఇరవై ఏళ్లుగా అనువాదంలో నేను కొత్తవారికి చెబుతున్న పాఠమే అది. హిందీలో 'శిక్షా' అంటే చదువు, తెలుగులో 'శిక్ష' అంటే దండన. హిందీలో 'ఉపన్యాస్' నవల, తెలుగులో 'ఉపన్యాసం' ప్రసంగం. ముఖం ఒకటే గదా అని తెచ్చి అతికిస్తే వాక్యం నిలబడుతుంది, అర్థం మాత్రం సందులోనుంచి జారిపోతుంది. మాటల విషయంలో ఇంత జాగ్రత్త పడేదాన్ని, ఇనుము విషయంలో ముఖం చూసి మోసపోయాను. తప్పు అమ్మినవాడిది కాదు. కొలత తీసుకువెళ్లని నాది.

ఉస్తాద్ మరొక సంగతి చెప్పాడు. గాలి డబ్బా మారితే కార్బురేటర్‌లో పెట్రోలుకూ గాలికీ ఉన్న పొత్తుకూడా మారుతుంది. గాలికి అడ్డు పెరిగితే పెట్రోలు పాలు హెచ్చి పొగ వస్తుంది. అడ్డు తగ్గితే గాలి పాలు హెచ్చి ఇంజను వేడెక్కుతుంది. అందుచేత ఒక బండికి ఏ డబ్బా తగినదంటే, ఆ కార్బురేటర్‌ను ఏ డబ్బాతో కలిపి సరిచేశారో అదే. అందం తరువాతి మాట.

"మీ పాత డబ్బా ఫోటో ఏదైనా ఉందా?" అని అడిగాడు.

కుటుంబం ఆల్బమ్ తమ్ముడి దగ్గర ఉంది. ఆ రాత్రే వాడు వెదికి పంపాడు. 1988 నాటి నలుపు తెలుపు ఫోటో. బానెట్ తెరిచి ఉంది. స్టూలు మీద నేను నిలబడి, కడిగిన గిన్నెను కెమెరా వైపు వంచి, విజయగర్వంతో చూపిస్తున్నాను. గిన్నె లోపల తెల్లని గీత. వెనుక, డబ్బా మెడ, దాన్ని పట్టి ఉంచే పట్టీ స్పష్టంగా పడ్డాయి. ఫోటోతోపాటు మేస్త్రీ తీసిన మెడ కొలతకూడా పంపి, తమ్ముడు ఇలా వ్రాశాడు: "పట్టీకి ఒకే మర ఉంది, చూశావా? రెండు మరలవి తీసుకోకు."

మూడు వారాల తరువాత ఉస్తాద్ కబురు చేశాడు. బల్లకింద సంచులలోనుంచి తీసిన ఆ డబ్బా చూడడానికి ఏమీ బాగాలేదు. రంగు పెచ్చులూడింది, ఒకచోట సొట్ట. ఆయన దారం చుట్టి చూపాడు. సరిపోయింది. పట్టీకి ఒకే మర. గిన్నెలో కిరసనాయిలు పోసి, పాత వార్తాపత్రికమీద రాత్రంతా ఉంచాడు. తెల్లవారి కాగితంమీద ఒక్క మరక లేదు. "ఇక దీనికి ఇంకో యాభై ఏళ్లు" అని నవ్వాడు. మొదట నేను కొన్న డబ్బాను ఆయనే ఉంచుకొని, ధరలో తగ్గించాడు.

* * *

ఇంటివద్దనుంచి ఆవకాయ జాడీ తెచ్చుకునే సంచిలోనే, తువ్వాళ్లు చుట్టి, ఆ డబ్బాను రైలులో గుడివాడ తీసుకువెళ్లాను. తమ్ముడు అప్పటికే వచ్చి ఉన్నాడు. ఇద్దరం షెడ్డులో కూర్చుని గిన్నె కడిగాము. నేను తెల్లరంగు డబ్బా తెరవబోతే వాడు చెయ్యి అడ్డుపెట్టాడు.

"అక్కా, ఫ్యాక్టరీ నుంచి వచ్చినప్పుడు ఆ గీత లేదు. 1972 మోడలంటే గీత లేనిదే సరి."

"1972లో నేను పుట్టలేదు. నాకు తెలిసిన బండికి గీత ఉంది."

వాడు ఫోటోను ఒకసారి, గిన్నెను ఒకసారి చూశాడు. తరువాత కుంచె తానే తీసుకొని, నొక్కు వెంట నెమ్మదిగా గీత గీశాడు. పదకొండు నెలలు వెదికిన చెయ్యి కదా, ఎక్కడా వంకర పోలేదు.

సహస్ర చంద్ర దర్శనం నాటి ఉదయం, పట్టుపంచె కట్టుకొని వరండాలో కూర్చున్న నాన్నగారి చేతిలో ఖాళీ గిన్నెను పెట్టాను. "ఇదేమిటో చెప్పండి నాన్నగారూ" అన్నాను.

ఆయన రెండు చేతులతో దాన్ని తడిమారు. అంచుమీద వేళ్లు ఒక చుట్టు తిరిగాయి. బొటనవేలు లోపలికి దిగి, ఆరిన రంగు ఎత్తుగా తగిలిన చోట ఆగింది. గీత వెంట అటూ ఇటూ కదిలింది. రోగి నాడి చూసేటప్పుడు ఆయన ముఖంలో ఉండే ఏకాగ్రతను చాలా ఏళ్ల తరువాత చూశాను. అమ్మ ఏదో అనబోయి ఊరుకుంది.

"1999లో మీ షెడ్డులోనుంచి పోయినది కాదు. దాని జోడు" అన్నాను. నా గొంతు నా మాట వినలేదు.

నాన్నగారు గిన్నెను నా వైపు చాచారు. "గీత దాకానే పొయ్యి అమ్మాయ్" అన్నారు. పెదవి చివర నవ్వు మెదిలింది. "ఇవాళ మండవల్లి దగ్గర ఆగడానికి వీల్లేదు. ముహూర్తం దాటిపోతుంది."

గీత దాకానే పోశాను. మేస్త్రీ కార్బురేటర్ మరను అరచుట్టు తిప్పి సరిచేశాడు. తమ్ముడు బండి స్టార్టు చేశాడు. వెనుక సీటులో నాన్నగారు తల కొద్దిగా వంచి, కిటికీ దింపించి, గుడి వచ్చేవరకూ వింటూ కూర్చున్నారు. దారిలో ఎవరూ మాట్లాడలేదు.